ఖాళీగా ఉన్న పద్నాలుగో నంబరు

ఆ కార్ఖానాలో అందరూ ఆమెను వైరమ్మ అనే పిలిచేవారు. ఎక్కడ వైరు ఊడినా, ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆమె కోసమే కేక పడేది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. మొదట్లో మూతి ముడుచుకునేది. తర్వాత తర్వాత, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని పక్కకు చూసేంతగా అలవాటు పడిపోయింది.

అది బట్టలు కుట్టే చోటే గానీ, దుకాణంలో దొరికే బట్టలు కావు. ఒళ్ళు కాలి, ఆసుపత్రిలో మానిన వాళ్ళ కోసం కుట్టే బిగుతు తొడుగులు. మచ్చలు గట్టిపడి పైకి లేవకుండా వాటిని పగలూ రాత్రీ వేసుకునే ఉండాలి. చేతికి వేరే, మెడకు వేరే, ముఖానికి వేరే. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఆసుపత్రి నుంచి కొలతల కాగితం, నాలుగు ఫోటోలు వస్తాయి. వాటిని చూసి కంప్యూటరులో ప్యాటర్న్ గీస్తారు. ఆ గీత ప్రకారమే గుడ్డ కత్తిరిస్తారు, కుడతారు. కుట్టు కాస్త పక్కకు జరిగిందంటే సరిగ్గా మచ్చ మీదే కూర్చుని రోజంతా ఒరుస్తుంది. చిన్నపిల్లలైతే మర్నాటి నుంచి ఆ తొడుగును చూస్తేనే ఏడుపు మొదలెడతారు.

ఈ ప్యాటర్న్‌లన్నీ ఉండేది వైరమ్మ బల్ల మీది కంప్యూటరులో. దాన్ని అందరూ గౌరవంగా సర్వరు అంటారు గానీ, అది సర్వరూ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఇళ్ళలో పిల్లలు ఆటలాడుకునే మామూలు కంప్యూటరు. పదకొండేళ్ళ కిందట, కార్ఖానాలో ఆరుగురే ఉన్న రోజుల్లో, వైరమ్మే అందులో ఒక ఫోల్డరు తెరిచి మిగతా కంప్యూటర్లన్నిటికీ దారి ఇచ్చింది. అది ఏ పేచీ పెట్టకుండా పనిచేయడంతో ఇక ఎవరూ దాని సంగతి ఆలోచించలేదు. ఆరు పదయింది, పది ఇరవై అయింది. వేసవి దాటేసరికి కార్ఖానాలో ఇరవై మూడు కంప్యూటర్లయ్యాయి. అక్కడొచ్చింది చిక్కు.

మామూలు కంప్యూటరును తయారుచేసేవాళ్ళు దానికో హద్దు పెట్టి మరీ పంపుతారు. ఒక్కసారికి ఇరవై కంప్యూటర్లనే లోపలికి రానిస్తుంది. ఇరవై ఒకటోది వచ్చి తలుపు తట్టిందనుకోండి, ఇప్పటికే పట్టినంతమంది ఉన్నారు, ఇక చోటు లేదని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి పంపేస్తుంది. బతిమాలినా వినదు, తిట్టినా వినదు. వైరమ్మ రెండూ చేసి చూసింది.

పని అయిపోగానే ఫోల్డరు మూసెయ్యండని గోడకు కాగితం అంటించింది. దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టుకున్న మరక తప్ప ఇంకే ఫలితమూ కనిపించలేదు. గోడ మీది కాగితానికి గ్లాసు మరక ఎలా పడిందో ఆ టీ తాగినవాళ్ళకే తెలియాలి. యజమానురాలికి చెప్పింది. ఆవిడ ఒకప్పుడు కాలిన గాయాల వార్డులో నర్సు. ఇప్పటికీ అందరికీ సిస్టరమ్మే. కొత్త గదులు కట్టాక అసలైన సర్వరే పెట్టుకుందాంలే అంది సిస్టరమ్మ. కొత్త గదులకు పునాది కూడా పడలేదు.

చేసేది లేక వైరమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. "వైరమ్మా, నాకు రావట్లేదు" అని ఎవరైనా అరిస్తే ఆమె తన కంప్యూటరులో ఒక జాబితా తెరుస్తుంది. లోపల ఉన్న ఇరవై కంప్యూటర్ల నంబర్లు, ఏది ఎన్ని నిమిషాలుగా ఉలుకూ పలుకూ లేకుండా ఉందో అందులో కనిపిస్తాయి. అందరికంటే ఎక్కువసేపు ఖాళీగా ఉన్నదాన్ని బయటికి నెట్టేస్తుంది. అరిచినవాళ్ళు ఆ సందులో దూరిపోతారు. రోజుకు మూడు నాలుగు సార్లు ఇదే తంతు. రేపెవరైనా తగువుకొస్తే నోరు మూయించడానికి, ఏ నంబరును ఎన్ని గంటలకు పంపేసిందో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేది.

ఈమధ్య ఎక్కువసార్లు బయటికి పోతున్నది పద్నాలుగో నంబరు. ఆమె దగ్గరున్న నంబర్ల కాగితం ప్రకారం అది స్టోరు పెద్దాయనది. దారాలూ జిప్పులూ ఏవి తగ్గాయో పొద్దున్నే ఎక్కించేసి, ఆ తర్వాత ఆయన దాని మొహం చూడడు. అందుకని దాన్ని నెట్టేసినప్పుడల్లా వైరమ్మకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

ఇక ఆమె బాబాయ్ సంగతి చెప్పాలి. తండ్రికి స్వయానా తమ్ముడు. అరవై మూడేళ్ళు. ప్యాటర్న్‌లు గీసేవాళ్ళందరిలోకీ పెద్దవాడు, కార్ఖానాకంతా మాస్టరు గారు. చిన్నపిల్లల చేతి తొడుగు వచ్చిందంటే అది ఆయన బల్లకే పోవాలి, ఇంకెవరూ ముట్టుకోరు. ఆయన పనిచేసే తీరు చూస్తే కొత్తవాళ్ళకు నవ్వొచ్చేది. మిగతావాళ్ళు ఫైలు తెరవగానే టకటకా గీతలు లాగుతారు. ఈయన ఫైలు తెరిచి, ఫోటోలు పక్కన పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తాడు. అరగంట, ఒక్కోసారి గంట, అలా చూస్తూనే ఉంటాడు. ఏం చేస్తున్నారని అడిగితే "పాప పిడికిలి బిగిస్తోంది, చూస్తున్నా" అంటాడు. ఆ తర్వాత రెండే రెండు గీతలు జరిపి, సేవ్ చేసి, లేచి నడుం విరుచుకుంటాడు. ఆయన గీసిన తొడుగు ఒరుస్తోందని ఇంతవరకూ ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు.

ఆయన చేత మొదటిసారి మౌసు పట్టించింది వైరమ్మే. ఇంగ్లీషు ముక్క రాని ఆయనకు ఓపిగ్గా అన్నీ నేర్పింది. మధ్యమధ్యలో తెర మీద ఏవేవో ఇంగ్లీషు పెట్టెలు ప్రత్యక్షమవుతుంటే ఆయన హడలిపోయేవాడు. "ఏదో వాగుతుంది బాబాయ్, పట్టించుకోకు. ఓకే నొక్కెయ్, పోతుంది" అని చెప్పింది. బాబాయ్ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

రెండు నెలల కిందట ఒకరోజు పొద్దున్న ఆయన ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, నిన్న సాయంత్రం నేను బొటనవేలి కుట్టు జరిపానా?"

"నన్నడిగితే? నీ గీతలు నాకేం తెలుసు బాబాయ్."

"జరిపినట్టే గుర్తు. ఇప్పుడు చూస్తే పాతదే ఉంది."

"సేవ్ చేయడం మరిచిపోయి ఉంటావ్లే."

తర్వాతి వారం మళ్ళీ ఇదే మాట అడిగాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. ఆమెకు అసలు భయం పట్టుకుంది అప్పుడే.

వాళ్ళ నాన్న కూడా మొదట్లో అడిగేవాడు. తలుపు వేశానా, మందు వేసుకున్నానా అని. తర్వాత అడగడం మానేసి, అన్నీ తెలిసినట్టే నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఏమీ లేదని ఇంట్లోవాళ్ళు తెలుసుకునేసరికి ఏడాది గడిచింది. చివరి రోజుల్లో ఆమె అన్నం తినిపిస్తుంటే, "మీరు చాలా శ్రమ పడుతున్నారండీ, మీ ఇంట్లోవాళ్ళు ఏమీ అనుకోరు కదా" అనేవాడు. కన్నతండ్రి తనను మీరు అంటుంటే గొంతు దిగని ముద్ద ఆమెదే అయ్యేది. ఆ రోజులన్నీ ఆమెకు తోడు నిలిచింది బాబాయే. అన్నగారికి గడ్డం గీశాడు, స్నానం చేయించాడు, తనను ఎవరో మంగలి అనుకుని ఆయన మెచ్చుకుంటే వినయంగా తల ఊపాడు. నాన్న పోయి మూడేళ్ళు. ఆమెకు ఇంట్లో పెద్ద దిక్కంటూ మిగిలింది బాబాయ్ ఒక్కడే.

అందుకే ఆమె దొంగచాటుగా ఆయన్ను కనిపెట్టి చూడసాగింది. బాబాయ్ ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. ఆమె అటు వెళ్తే దాని మీద కొలతల కాగితం జరుపుతున్నాడు. సాయంత్రం వెళ్ళేముందు మానిటరు వంక చాలాసేపు చూసి, మెట్ల దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి చూసి పోతున్నాడు. అడుగుదామని నోటి దాకా వచ్చేది. జవాబు వినే ధైర్యం లేక మింగేసేది.

ఒక బుధవారం సిస్టరమ్మ ఆమెను తన గదిలోకి పిలిచింది.

"మీ బాబాయ్ శనివారంతో మానేస్తానంటున్నారు. కళ్ళు అలిసిపోతున్నాయట. నీతో ఏమైనా అన్నారా?"

వైరమ్మ లేదని తల ఊపి, అట్నుంచి అటే బాబాయ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన చుట్టూ ఎవరూ లేరు, అందరూ టీకి దిగారు.

"కళ్ళకేమైంది బాబాయ్?"

ఆయన అబద్ధం చెబుదామనే నోరు తెరిచాడు. ఆమె మొహం చూశాక చెప్పలేకపోయాడు.

"కళ్ళకేం కాలేదమ్మా. మీ నాన్నకు వచ్చిందే నాకూ వచ్చింది." ఆయన మానిటరు వైపు చెయ్యి చూపించాడు. "ఈ పాపకు ఐదేళ్ళు. కుడి చెయ్యి. చూపుడువేలి పక్క కుట్టును మూడుసార్లు జరిపాను. జరిపినట్టు నా వేళ్ళకు కూడా గుర్తుంది. పొద్దున్నొచ్చి చూస్తే పాత గీతే. మొన్నయితే ఆ పాత గీత మీదే కత్తిరించబోయారు. వేళకు చూశాను కాబట్టి సరిపోయింది. రేపు చూడకపోతే?"

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్దాంలే, శనివారం తర్వాత. ముందు ఈ పిల్లల చేతులు నా చేతిలోంచి తీసెయ్యాలి. పిన్నికి అప్పుడే చెప్పకు."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడి, తన బల్లకు వచ్చేసింది. మీరు శ్రమ పడుతున్నారండీ అనే మాట బాబాయ్ గొంతుతో చెవుల్లో వినబడుతుంటే, ముందున్న తెర కళ్ళకు ఆనలేదు.

టీ అయిపోయి అందరూ వచ్చారు. బాబాయ్ మళ్ళీ ఆ పాప చేతిని చూడటంలో పడ్డాడు. గంట గడిచిందో లేదో, హాలు అవతల నుంచి కేక పడింది.

"వైరమ్మా, నాకు రావట్లేదు."

లోకం తలకిందులైనా ఆ కేక మాత్రం ఆగదు కదా. ఆమె మరబొమ్మలా జాబితా తెరిచింది. పద్నాలుగో నంబరు యాభై రెండు నిమిషాలుగా ఖాళీ. దాని మీద బాణం గుర్తు పెట్టింది. అప్పుడే స్టోరు పెద్దాయన వచ్చి బల్లకు ఆనుకున్నాడు.

"అమ్మా, నా కంప్యూటరు నాకెప్పుడిస్తావ్? గోడలకు రంగులేసినప్పుడు పట్టుకుపోయారు. రెండు నెలలుగా కాగితాల మీద రాయలేక చస్తున్నా. సిస్టరమ్మనడిగితే చూద్దాం చూద్దాం అంటుంది."

"ఏ కంప్యూటరు?"

"నాదే. పద్నాలుగు."

ఆమె చెయ్యి మౌసు మీద అలాగే ఆగిపోయింది. రంగులు వేసిన మూడు రోజులూ ఆమె జ్వరంతో ఇంట్లో పడి ఉంది. సామాను మొత్తం వరండాలోకి మోసి, మళ్ళీ లోపలికి మోశారని మాత్రం తెలుసు. ఏది ఎక్కడ పెట్టారో తిరిగి చూసుకోలేదు. నంబర్ల కాగితం పాతదే పెట్టుకుని కూర్చుంది.

"మరిప్పుడు అదెక్కడుంది?"

"ఎవరి కంప్యూటరు పెట్టె మీదో రంగునీళ్ళు పడి పాడైతే వాళ్ళకిచ్చారట. ఎవరికో నాకేం తెలుసు."

కంప్యూటరు పెట్టెలన్నీ బల్లల కింద ఉంటాయి. నంబరు చీటీలు వాటి వెనక ఉంటాయి. వైరమ్మ ఒక్కో బల్ల కిందికీ వంగి చూసుకుంటూ వెళ్ళింది. ఆరు, పంతొమ్మిది, రెండు. కుట్టేవాళ్ళు పిలిచారు, పలకలేదు. కిటికీ వైపు వరసలో చివరి బల్ల కింద దూరింది. దుమ్ము, చిక్కుపడిన వైర్లు, వాటి మధ్య బాబాయ్ చెప్పులు విప్పి పెట్టుకున్న పాదాలు. పెట్టె వెనక తెల్ల చీటీ మీద ఆమె చేతిరాతతోనే ఉంది పద్నాలుగు.

ఆమె అక్కడే చతికిలబడింది.

"ఏమ్మా, ఏదైనా పడిపోయిందా?" అన్నాడు పైనుంచి బాబాయ్.

"నీకు ఏమీ కాలేదు బాబాయ్."

"ఏంటి?"

"నీకు ఏమీ కాలేదు. నేనే. అంతా నేనే చేశాను."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి కిందికి వంగాడు. ఆమె వైర్ల మధ్య కూర్చునే చెప్పేసింది. కంప్యూటరులో ఇరవై మందికే చోటుందని, తను ఎవరో ఒకరిని నెట్టేస్తూ వస్తోందని, కదలకుండా చూస్తూ కూర్చుంటే ఆ జాబితాలో ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుందని, ఆయన ఆ పాప చేతిని చూస్తున్నంతసేపూ తను ఆయన్ను బయటికి పంపేస్తూనే ఉందని. ఆయన చోట్లోకి ఇంకొకరు దూరాక సేవ్ నొక్కితే అది ఎక్కడికీ పోదని.

బాబాయ్ మానిటరు వైపు చూశాడు.

"సేవ్ నొక్కాక ఒక పెట్టె వచ్చేదమ్మా, ఇంగ్లీషులో."

"ఏం చేశావ్?"

"ఓకే నొక్కా. నువ్వే కదా చెప్పింది."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చాయి. ఆయన చెయ్యి అందించి ఆమెను పైకి లాగి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. కానీ ఆయన మొహంలో ఇంకా నమ్మకం కుదరలేదు. పరాయివాళ్ళ మంచికబురు వింటున్నవాడిలా చూస్తున్నాడు. తనను ఓదార్చడానికి పిల్ల కట్టుకథ అల్లుతోందేమోనని ఆయన అనుమానం. నిజానికి అన్నగారి దగ్గర తనూ అలాంటివి ఎన్నో అల్లాడు.

వైరమ్మ పరుగున పోయి తన నోటుపుస్తకం తెచ్చింది. బాబాయ్ కొలతల కాగితం కిందనుంచి తన చిన్న పుస్తకం తీశాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గీత జరిపి సేవ్ నొక్కాడో అందులో రాసుకున్నాడు. మర్నాడు చూస్తే లేనివాటి పక్కన చిన్న సున్నా. మొత్తం పన్నెండు సున్నాలు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఇద్దరూ వేలితో చూసుకుంటూ పోయారు. ఆయన పదకొండూ ఇరవైకి సేవ్ నొక్కిన రోజు, ఆమె పదకొండూ పదికి పద్నాలుగును పంపేసింది. ఆయన నాలుగున్నర, ఆమె నాలుగూ ఇరవై. సున్నా ఉన్న దాదాపు ప్రతి చోటా ఆమె రాతలో పద్నాలుగు కనిపిస్తోంది. పదకొండు కలిశాయి. పన్నెండోది కలవలేదు. ఆ రోజు ఆమె ఎవరినీ పంపలేదు, సెలవులో ఉంది.

"ఇదొక్కటీ నువ్వే మరిచిపోయినట్టున్నావ్ బాబాయ్" అంది ఆమె భయంభయంగా.

ఆయన తేదీ చూసి ఆలోచించాడు. "ఆ రోజు మీ పిన్నికి పన్ను నొప్పి. ఫోను మీద ఫోను. హడావిడిలో వెళ్ళిపోయా." అని కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. "ఇదొక్కటీ నా సొంతం. ఇది మామూలు మరుపే కదమ్మా?"

"మామూలు మరుపే."

అప్పుడు ఏడ్చాడు బాబాయ్. రెండు నెలలుగా భార్యకు తెలియకుండా, అన్న కూతురికి తెలియకుండా ఒక్కడే మోసిన భయం అది. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఒక్క మాట తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. తిట్టలేదు సరికదా, "పాపం, ఎన్నిసార్లు కేకలు విని విసిగిపోయావో" అన్నాడు.

ఆ సాయంత్రమే సిస్టరమ్మ గదిలోకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో గానీ, బయటికి వచ్చేటప్పుడు సిస్టరమ్మ కూడా ముక్కు తుడుచుకుంటోంది. శనివారం మాట ఇంకెవరూ ఎత్తలేదు. అసలైన సర్వరు మాత్రం కొత్త గదుల కోసం ఎదురుచూడకుండా వచ్చే నెలలోనే రావాలని తేలింది. అంతవరకూ ఎలా అంటే, వైరమ్మ దగ్గర జవాబు తయారుగా ఉంది.

"నువ్వు నా కుర్చీలో కూర్చో బాబాయ్."

"అది నీ సర్వరు కదా."

"అందుకే. అది బయటినుంచి వచ్చేవాళ్ళనే లెక్కపెడుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు దానికి ఇంట్లోవాళ్ళ కింద లెక్క. నువ్వు పొద్దుగూకులూ చూస్తూ కూర్చున్నా నిన్నెవరూ పంపలేరు. నేను కూడా పంపలేను."

"మరి నువ్వు?"

"నీ బల్లకు పోతా. ఇరవై ఒకటోదాన్ని నేనవుతాలే, వరండాలో నిలబడితే ఏం పోయింది."

మర్నాడు పొద్దున్న బాబాయ్ ఆమె కుర్చీలో కూర్చుని ఆ ఐదేళ్ళ పాప చేతిని తెరిచాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. హాలులో రెండుసార్లు కేక పడింది. వైరమ్మ వెళ్ళి, అరిచినవాళ్ళ పక్కనే నిలబడి, ఎవరు నిజంగా ఖాళీగా ఉన్నారో మనిషి మనిషినీ అడిగి ఫోల్డరు మూయించింది. పని రెట్టింపయింది, గొంతు బొంగురుపోయింది. గంటంబావు తర్వాత బాబాయ్ చూపుడువేలి పక్క గీతను జరిపి సేవ్ నొక్కాడు. ఏ పెట్టే రాలేదు.

ఆమె ఆయనకు టీ తెచ్చి బల్ల మీద పెట్టబోయింది. ఆయన తెర మీదనుంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

"అమ్మాయ్, నిన్న బల్ల కిందనుంచి నాతో ఏదో అన్నావే. ఏంటది?"

ఆమె చేతిలో గ్లాసులోని టీ తొణికి వేళ్ళ మీద పడింది, వేడి కూడా తెలియలేదు.

"గుర్తులేదా బాబాయ్?"

ఆయన తల తిప్పి ఆమె మొహం చూశాడు. చూసి, గబుక్కున గ్లాసు అందుకుని పక్కన పెట్టి, ఆమె తడి వేళ్ళను తన అరచేతిలోకి తీసుకున్నాడు.

"పిచ్చిదానా, అక్షరం అక్షరం గుర్తుంది. ఇంకోసారి వినాలని అడిగా."



"నీకు ఏమీ కాలేదు బాబాయ్."

"ఊఁ" అన్నాడాయన. కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "మళ్ళీ చెప్పు."

ఆమె మళ్ళీ చెప్పింది.